తుప్పు చెప్పే సాక్ష్యం

2020 జనవరి 10న అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని కిస్సిమీలో జరిగిన వేలంపాటకి ఒక ముదురు పచ్చ కారు వచ్చింది. రంగు వెలిసిపోయింది. అక్కడక్కడ పెచ్చులూడింది. ఒంటి మీద సొట్టలు, అంచుల వెంట తుప్పు, లోపల నలిగి మాసిన సీట్లు. తోమి మెరిపించి తెచ్చే స్తోమత లేక కాదు, అలాగే తేవాలని తెచ్చారు. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. వేలం రుసుముతో కలిపితే 37 లక్షల 40 వేలు. అంతకుముందు ఏ మస్టాంగూ వేలంలో అంత పలకలేదు.

అది 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. అదే ఏడు విడుదలైన ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన కారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో దాదాపు పదకొండు నిమిషాలు సాగే ఆ వెంటాటలో ఎగిరి దూకినదాని జంట బండి ఇది. సినిమా అయ్యాక చేతులు మారి మారి 1974లో న్యూజెర్సీలోని ఒక కుటుంబానికి సుమారు 6,000 డాలర్లకు చేరింది. ఆ ఇంటి ఇల్లాలు బడిపంతులమ్మ. రోజూ బడికి దాంట్లోనే వెళ్లి వచ్చేది. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాశాడు, ఆ కారు నాకు తిరిగి అమ్ముతారా అని. వాళ్లు అమ్మలేదు. 1980లో క్లచ్ పోయింది. కారు షెడ్డులోకి వెళ్లి, లోకం కంటికి మళ్లీ కనపడేసరికి 2018 వచ్చింది.

ఇప్పుడు దాని పక్కనే అదే ఏటి, అదే మోడల్ మస్టాంగ్ ఇంకోటి నిలబెట్టామనుకోండి. కొత్త పచ్చరంగు, అద్దంలా మెరిసే బంపర్లు, కొత్త సీట్లు. సంగతి తెలియని మనిషి ఏది కోరుకుంటాడో చెప్పక్కర్లేదు. ఆ మెరిసే కారుకు సొట్టలకారు ధరలో పదో వంతు కూడా పెద్ద మాటే. ఇదేం పిచ్చి అనిపిస్తుంది. పిచ్చి కొంత ఉంది, కాదనను. కానీ అందులో లోహశాస్త్రం ఉంది, రసాయనం ఉంది, అర్థశాస్త్రం ఉంది, మనసు చేసే మాయ కూడా ఉంది. పాత అమెరికన్ కారును బేరమాడటానికి వెళ్లినవాడికి ఈ నాలుగూ కొంచెం కొంచెం తెలిసి ఉండాలి.

మన పశువుల సంత గుర్తు చేసుకోండి. ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, మూపురం తడుముతాడు, సుళ్లు లెక్కపెడతాడు, నాలుగు అడుగులు నడిపిస్తాడు. అమ్మేవాడు చెప్పే మాటలకు తలూపుతాడు గానీ నమ్మడు. బేరం తుండుగుడ్డ కింద వేళ్ల మీద నడుస్తుంది. ఈ అపనమ్మకాన్నే జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త 1970లో ఒక సిద్ధాంతంగా రాశాడు. అతను తీసుకున్న ఉదాహరణ ఎద్దు కాదు, సెకండ్ హ్యాండ్ కారు. అమెరికా వాడుకలో బయటికి బాగుండి లోపల చెడిన కారును ‘నిమ్మకాయ’ అంటారు. అమ్మేవాడికి తన కారు నిమ్మకాయో కాదో తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. ఆ ధరకు నిజంగా మంచి కారున్నవాడు అమ్మడు, ఇంటికి తోలుకుపోతాడు. మంచివి వెళ్లిపోయేకొద్దీ బజారులో మిగిలినవాటి సగటు నాణ్యత పడిపోతుంది, ధర ఇంకా దిగుతుంది, ఓ మాదిరి కార్లు కూడా తప్పుకుంటాయి. ఈ వ్యాసాన్ని రెండు పత్రికలు ‘ఇది మరీ చిన్న విషయం’ అని తిప్పి పంపాయి. మూడోది, ఇదే నిజమైతే అర్థశాస్త్రమే వేరేగా ఉండేదని తోసిపుచ్చింది. నాలుగోది వేసుకుంది. 2001లో ఆకర్లాఫ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే యాభై అరవై ఏళ్ల కారు దగ్గరికి వచ్చేసరికి ఆకర్లాఫ్ లెక్కలో ఒక మెలిక పడుతుంది. ఇక్కడ అమ్మేవాడికీ తెలియదు. అతను ఆరో యజమానో ఏడో యజమానో. మూడో యజమాని 1979లో ఎక్కడ గుద్దాడో, నాలుగోవాడు ఆ మడ్‌గార్డులో ఎంత పుట్టీ పోయించాడో అతనికి మాత్రం ఎవరు చెప్పారు? ఇద్దరూ అజ్ఞానంలో ఉన్నప్పుడు మిగిలిన సాక్షి కారు ఒక్కటే. దాన్ని మాట్లాడించడం రావాలి.

ముందుగా మాట్లాడేది తుప్పు.

మొదటి తరం మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ లేదు. లారీకి ఉన్నట్టు కింద బరువైన ఉక్కు చట్రం, దాని మీద డబ్బా కాదు. పలచటి ఉక్కు రేకుల్ని మడిచి, అతికి, పెట్టెలా చేసిన ఒంటే కారు బరువంతా మోస్తుంది. కాబట్టి నేలరేకు తుప్పు పట్టిందంటే గోడకు సున్నం రాలినట్టు కాదు, దూలానికి చెదపట్టినట్టు.

ఇనుము తుప్పు పట్టడం ఒక చిన్న బ్యాటరీ పని చేయడం లాంటిదే. రేకు మీద ఒక చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి కరిగిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా ఇంకో చోటికి పోయి, అక్కడ నీటినీ ప్రాణవాయువునూ కలిపి హైడ్రాక్సైడ్ చేస్తాయి. మధ్యలో తడి ఉండాలి. ఆ తడిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా సులువుగా పారుతుంది, పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మిషిగన్‌లోనో ఒహాయోలోనో తిరిగిన కారుకీ, ఆరిజోనా ఎడారిలో ఎండిన కారుకీ ధరలో తేడా అందుకే. ‘కాలిఫోర్నియా కారు’ అని ప్రకటనలో రాస్తే అది ఊరి పేరు కాదు, తుప్పు లేదన్న హామీ.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ప్రాణవాయువు ఉంటేనే తుప్పు అన్నాం కదా, అలాంటప్పుడు గాలి బాగా తగిలేచోట ఎక్కువ తినెయ్యాలి. జరిగేది తిరకాసు. కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలో ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి దీన్ని చూపించాడు. చుక్క అంచున గాలి బాగా అందుతుంది, నడిమధ్య అందదు. ఇనుము కరిగేది నడిమధ్యే. గాలి అందే చోటు ఎలక్ట్రాన్లను పీల్చుకుంటుంది, అందని చోటు వాటిని సరఫరా చేస్తూ తనను తాను పోగొట్టుకుంటుంది. కారులో గాలి అందని తడి ఎక్కడుంటుంది? రెండు రేకులు ఒకదాని మీద ఒకటి అతికిన సందుల్లో. మడ్‌గార్డు వెనక పేరుకున్న మట్టి కింద. తడిసిన కార్పెట్ అడుగున. తుప్పు లోపల పుట్టి బయటికి వస్తుంది. తుప్పు పరిమాణం అది తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి రంగును కింది నుంచి పైకి తోస్తుంది. తలుపు అడుగున రూపాయి బిళ్లంత పొక్కు కనిపిస్తే, అది మొదలు కాదు. లోపల జరగాల్సింది జరిగిపోయాక బయటికి వచ్చిన కబురు.

మస్టాంగ్‌లకు దీని పుట్టిల్లు ముందు అద్దం కింద ఉంటుంది. బానెట్‌కూ అద్దానికీ మధ్య సన్నని చీలికలున్న రేకు ఒకటి కనిపిస్తుంది. లోపలికి గాలి వెళ్లేది అక్కడి నుంచే, వాన నీళ్లూ అక్కడి నుంచే దిగుతాయి. ఎండుటాకులు, దుమ్ము చేరి నీళ్లు పోయే దారి మూసుకుంటే లోపలి తొట్టి చిల్లులు పడుతుంది. దాన్ని బాగు చేయాలంటే కారు ముందు భాగం చాలావరకు విప్పి, వెల్డింగులు తెంచాలి. దీన్ని పసిగట్టే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒక చెంబెడు నీళ్లు ఆ చీలికల మీద పోసి, లోపల డాష్‌బోర్డు కింద తల దూర్చి, కార్పెట్ మీద చుక్క పడుతుందేమో చూడటమే. అమ్మేవాడు చెంబు చూడగానే మొహం మార్చుకున్నాడంటే, పరీక్ష అప్పుడే సగం అయిపోయినట్టు.

తర్వాత రంగు. మన గ్యారేజీల్లో టింకరింగ్, పెయింటింగ్ అంటారే, అమెరికాలోనూ అదే కళ, అదే మోసం. చిల్లు పడ్డ రేకును కోసి కొత్తది అతకడం కష్టం, పుట్టీ నింపి సానపట్టి రంగు కొట్టడం సులువు. పైన పటారం, లోన లొటారం. దీనికి విరుగుడు ఒక చిన్న అయస్కాంతం. గుడ్డలో చుట్టి తలుపు అడుగున, చక్రాల పైనున్న వంపుల మీద జరుపుకుంటూ పోవాలి. అయస్కాంతపు పట్టు దూరంతో పాటు చాలా వేగంగా తగ్గిపోతుంది. అందుకే రెండు మూడు మిల్లీమీటర్ల పుట్టీ అడ్డం వచ్చినా చేతికి ఆ తేడా తెలుస్తుంది, నున్నటి రోడ్డు మీద నడుస్తూ గుంటలో కాలేసినట్టు. ఇంకొంచెం ఖర్చు పెట్టగలవారు రంగు మందం కొలిచే పరికరం వాడతారు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానికి రెట్టింపు చూపిస్తే మళ్లీ రంగు వేశారు. పదింతలు చూపిస్తే అక్కడ ఏదో పూడ్చారు.

వేలంలో సొట్టలకారు మెరవకపోవడం ఎందుకు లోపం కాలేదో ఇక్కడ కొంచెం అర్థమవుతుంది. కొత్త రంగు అందాన్ని పెంచుతుంది, సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. వెలిసిన పాత రంగు కింద ఏమీ దాచలేరు.

ఇక అంకెల సంగతి. ఆ కారు ఛాసిస్ నంబరు 8R02S125559. మొదటి ఎనిమిది అంటే 1968. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఫ్యాక్టరీ. సున్నా రెండు అంటే వెనక వాలుగా దిగే కప్పున్న మోడల్. ఎస్ అంటే 390 ఘనపు అంగుళాల ఇంజన్. మిగిలినవి వరస సంఖ్య. అప్పట్లో ఇంతే, పదకొండు స్థానాలు. ఇప్పుడున్న పదిహేడు స్థానాల పద్ధతి 1981లో వచ్చింది.

మన అమ్మమ్మల ఇత్తడి బిందెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు గుర్తుందా? పెళ్లిలో వచ్చింది ఏదో, ఎవరిచ్చిందో, ఏ ఏడాదో. ఆ బిందె తూకానికి అమ్మితే ఇత్తడి ధర, ఇంట్లో ఉంటే వంశం. కారు మీద కొట్టిన నంబరు సరిగ్గా అలాంటిది. అంతేకాదు, దెబ్బ కొట్టి వేసిన అంకెకు ఒక గుణం ఉంది. ఉలి దిగినప్పుడు లోహం పైపొర మాత్రమే కాదు, దాని అడుగున ఉన్న స్ఫటికాలు కూడా నలిగి, వంగి, బిగుసుకుంటాయి. ఎవడో దొంగ ఆకురాయితో అంకెల్ని నున్నగా అరగదీసినా ఆ నలుగుడు లోతున మిగిలే ఉంటుంది. ఆ చోట తగిన ఆమ్లం పూస్తే, నలిగిన లోహాన్నీ నలగని లోహాన్నీ అది ఒకే తీరున తినదు. తుడిచేసిన అంకె నీడలా పైకి తేలుతుంది. నేరపరిశోధక ప్రయోగశాలల్లో తుపాకుల మీద, దొంగ బండ్ల మీద చేసే పరీక్ష ఇదే. దీన్ని తెలుసుకున్న మోసగాళ్లు అంకెల్ని అరగదీయడం మానేసి, అంకెలున్న రేకునే చతురస్రంగా కోసి ఇంకో కారుకు వెల్డింగ్ చేస్తారు. కాబట్టి నంబరు చదివాక దాని చుట్టూ అతుకు గీత ఉందేమో వేలితో తడమాలి.

బుల్లిట్ సినిమాకు రెండు మస్టాంగ్‌లు వాడారు. రెండో దాని నంబరు దీనికి సరిగ్గా ఒకటి తక్కువ, 558తో ముగుస్తుంది. ఎత్తుల మీంచి దూకి దూకి చితికిపోయింది అదే. సినిమా తర్వాత దాన్ని పడేశారనుకున్నారు. 2017లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో తెల్లరంగు వేసిన ఒక మస్టాంగ్ డొక్కు బయటపడింది. దాన్ని కొన్నవాళ్ల ఉద్దేశం ఇంకో సినిమాలోని ‘ఎలియనోర్’ అనే మస్టాంగ్‌కు నకలు తయారుచేయడం. అంటే ఒక అసలు సినిమాకారును చెరిపి, ఇంకో సినిమాకారు దొంగరూపం చేయబోయారు, తెలియకుండానే. పనికి ముందు నంబరు విచారించారు. ఫోర్డ్ కంపెనీ 1967 నుంచి తయారీ వివరాలను తన దగ్గర ఉంచుకుని ధ్రువపత్రాలిచ్చే కెవిన్ మార్టీ వచ్చి చూశాడు. నంబరుతో పాటు షాక్ అబ్జార్బర్ల దగ్గర దూకుళ్ల కోసం వేసిన బలపు అతుకులు కూడా సరిపోయాయి. ఇంజన్ లేదు, లోపలి సామాను లేదు, అసలు రంగు లేదు. మిగిలింది డొక్కూ దాని మీది అంకెలూ. అదే దాన్ని కాపాడింది.

అంకె కూడా చాలని సందర్భాలున్నాయి. 1964లో పాంటియాక్ కంపెనీ ‘జీటీవో’ అనే పేరుతో, ‘లెమాన్స్’ అనే సాదా కారులో పెద్ద ఇంజన్ పెట్టి అమ్మింది. అది విడి మోడల్ కాదు, డబ్బు కట్టి తీసుకునే అదనపు సదుపాయం. దాంతో 1964, 65 సంవత్సరాల జీటీవోకీ సాదా లెమాన్స్‌కీ ఛాసిస్ నంబరులో తేడాయే లేదు. 1966లో గానీ దానికి విడి అంకె రాలేదు. అరవై ఏళ్ల తర్వాత ఒక లెమాన్స్‌కు పెద్ద ఇంజన్ ఎక్కించి, జీటీవో బిళ్లలు అతికిస్తే, ఇనుము చెప్పే సాక్ష్యంతో పట్టుకోవడం కష్టం. అప్పుడు కాగితం కావాలి. పాంటియాక్ ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంకొన్ని కంపెనీల కార్లలోనైతే, అసెంబ్లీ లైను పనివాళ్లు చూసుకునే కాగితం సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు పైనో ఇరుక్కుని ఉండిపోయేది. నూనె మరకలతో, ఎలుకలు కొరికిన అంచులతో ఉండే ఆ చిత్తుకాగితం ధరను వేల డాలర్లు పెంచగలదు. సీటు విప్పి చూడనివ్వమని అడగడం అమర్యాద కాదు.

ఇంజన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది బాగుచేయగలిగింది. సిలిండర్లన్నిట్లో కంప్రెషన్ కొలిచి, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయేమో చూడాలి. ఒక్కటి బాగా పడిపోతే అక్కడ రింగులో వాల్వో పోయింది. మీటరు చూపే మైళ్లను నమ్మకూడదు. అప్పటి మీటర్లు లక్ష మైళ్ల దగ్గర మళ్లీ సున్నాకు వస్తాయి. 38 వేలు అంటే 1,38,000 కావచ్చు. అరిగిన బ్రేకు పెడలు, జారిన తలుపు కీళ్లు ఆ ముక్క చెప్పేస్తాయి. ప్రకటనల్లో కనిపించే హార్స్‌పవర్ అంకెలకూ కొంచెం తరుగు తీయాలి. 1972కు ముందు అమెరికన్ కంపెనీలు ఇంజన్‌ను బల్ల మీద పెట్టి, మామూలుగా దానికి తగిలించే బరువులు తీసేసి కొలిచేవి. ఆ తర్వాత కారులో ఉన్నట్టే కొలవడం మొదలెట్టాయి.

ఒక్క విషయం మాత్రం అడగాలి. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజన్ తట్టుకొట్టదని కనిపెట్టాడు. దాని విషం సంగతి వేరే కథ. కానీ ఆ సీసం ఇంకో పని కూడా చేసేది. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ వాల్వు, పోత ఇనుప పీట మీద కొట్టుకునేచోట పలచటి పొరలా నిలిచి అరుగుదలను ఆపేది. 1996 జనవరి 1 నుంచి అమెరికా రోడ్లమీది వాహనాలకు సీసపు పెట్రోలు లేదు. కాబట్టి ఇంజన్ విప్పినప్పుడు గట్టి ఉక్కు పీటలు వేయించారా అని అడగాలి. వేయిస్తే అసలుతనం పోయిందని ఎవరూ గొణగరు. 1965, 66 మస్టాంగ్‌లలో బ్రేకు ఆయిల్‌కు ఒకటే మార్గం ఉండేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు మార్గాల సిలిండరు పెట్టించుకున్నవాణ్ని నేనైతే మెచ్చుకుంటాను. వస్తుప్రదర్శనలో జడ్జీలు మార్కులు తీసేస్తే తీసేయనీ.

ఇంతవరకు విలువ. మోజు సంగతి వేరు, అది చెవిలోంచి మొదలవుతుంది.

అమెరికన్ వీ-ఎయిట్ ఇంజన్ నిలబడి తిరుగుతున్నప్పుడు వచ్చే ఆ గుడగుడ వినని సినిమా ప్రేక్షకుడుండడు. అది ఎందుకు అలా ఉంటుందో ఒక తాళంతో చెప్పొచ్చు. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ఇరుసు రెండు చుట్లు తిరిగేలోపల ఎనిమిదీ ఒక్కొక్కసారి పేలతాయి, సమానమైన ఎడంతో. ఆది తాళానికి ఉన్నట్టు ఎనిమిది అక్షరాలు అనుకోండి. అప్పటి చాలా ఫోర్డ్ ఇంజన్లలో పేలే వరస ఒకటి, ఐదు, నాలుగు, రెండు, ఆరు, మూడు, ఏడు, ఎనిమిది. ఒకటి నుంచి నాలుగు వరకు కుడివైపు, మిగతావి ఎడమవైపు. వేళ్ల మీద లెక్కపెట్టండి. కుడి గొట్టంలోకి దెబ్బ పడేది ఒకటి, మూడు, నాలుగు, ఆరు అక్షరాల మీద. ఏడు, ఎనిమిది ఖాళీ. ఎడమ గొట్టానికి మిగిలినవి: రెండు, ఐదు, ఏడు, ఎనిమిది. మొత్తం మీద చూస్తే సమానమే, కానీ ఏ గొట్టానికి ఆ గొట్టం విడిగా వింటే కుంటినడక. రెండు సైలెన్సర్లు విడివిడిగా ఉన్న కారులో మనకు వినపడేది ఆ కుంటినడకే. నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే ఈ ఎనిమిది అక్షరాల ఆవర్తనం సెకనుకు ఐదుసార్లు వస్తుంది. చెవికి స్వరంగా వినపడటానికి అది మరీ నెమ్మది, విడి దెబ్బలుగా లెక్కపెట్టడానికి మరీ వేగం. ఆ మధ్యలో పడి గుండెల్లో డప్పులా మోగుతుంది. రేసు కార్ల కోసం ఇరుసు వేరేగా మలిచిన వీ-ఎయిట్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏ వైపు విన్నా దెబ్బలు సమానంగా పడతాయి. అవి ఏడుస్తాయి, ఇవి గొణుగుతాయి.

కానీ చెవి ఒక్కటే కాదు. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో అమెరికన్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపించి ఏవి నచ్చాయో అడిగారు. ఎక్కువ నచ్చినవి తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు జనాదరణ పొందిన పాటలు. తర్వాత కార్ల రూపాలతోనూ ఇలాంటి అధ్యయనం చేశారు. మగవాళ్లలో ఆ పడుచుదనపు గుంజుడు అక్కడా కనిపించింది. దీన్నిబట్టి పాత కార్ల బజారుకు ఒక గడియారం ఉందని చెప్పొచ్చు. ఒక తరం ఇరవైల్లో ఆశపడి కొనలేకపోయిన కారు, ఆ తరానికి యాభై దాటి చేతిలో డబ్బు ఆడేటప్పుడు ఖరీదవుతుంది. ఆ తరం వెళ్లిపోయేకొద్దీ దిగుతుంది. 1920ల ఫోర్డ్ మోడల్-టీ మీద చరిత్రకారులకున్నంత మోజు ఇప్పుడు కొనుగోలుదారులకు లేకపోవడంలో వింతేమీ లేదు.

మన సంగతే చూడండి. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్ల అసెంబ్లీ పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ప్రీమియర్ సంస్థ అక్కడే క్రైస్లర్ వారి డాడ్జ్, ప్లిమత్ కార్లు బిగించింది. 1950ల తెలుగు సినిమాలు చూసినవాళ్లకు జమీందారు గుమ్మం ముందు ఆగిన ఆ పొడుగాటి కార్లు గుర్తే. తర్వాత దిగుమతులు బిగిశాయి, వీధుల్లో అంబాసిడరూ ఫియట్టూ మిగిలాయి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ నా వయసు తెలుగువాడు మస్టాంగ్‌ను చూసి ముచ్చటపడతాడు, ఫోటో దిగుతాడు. కానీ అతని గొంతులో ఏదో అడ్డుపడేది నల్ల అంబాసిడర్ ఫోటో చూసినప్పుడు. అది కారు నాణ్యత కాదు, అతని ఇరవై మూడో ఏడు. బేరానికి వెళ్లేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం జేబుకు మంచిది.

ఇవన్నీ కలిపి ఒక అంకెగా మార్చడం ఎలా? చమత్కారం ఏమిటంటే, ఆ లెక్కకు తొలి ఉదాహరణల్లో ఒకటి అమెరికన్ కార్లే. 1939లో డెట్రాయిట్ కార్ల తయారీదారుల సంఘంలో పనిచేసే ఆండ్రూ కోర్ట్ అనే అర్థశాస్త్రవేత్త, కారు ధర అంటే దాని బరువుకు ఇంత, పొడుగుకు ఇంత, హార్స్‌పవర్‌కు ఇంత అని విడదీసి కట్టొచ్చని చూపించాడు. ఇళ్ల ధరల నుంచి కంప్యూటర్ల దాకా ఇప్పుడు ఆ పద్ధతి వాడతారు. పాత కార్లకూ పనికొస్తుంది. కప్పు మడిచే మోడలుకు ఇంత ఎక్కువ, నాలుగు తలుపులకు ఇంత తక్కువ, అసలు ఇంజన్ ఉంటే ఇంత. దాని మీద ఇంకో మెట్టు, పరిస్థితి. అమెరికాలో హాగర్టీ అనే బీమా సంస్థ ఒకటి నుంచి నాలుగు వరకు శ్రేణులు పెట్టింది. ఒకటి అంటే ప్రదర్శనలో గెలిచేది, మూడు అంటే రోడ్డు మీద ముచ్చటగా తిరిగేది, నాలుగు అంటే తిరుగుతుంది గానీ దగ్గరికి వెళ్లి చూడకూడనిది. అనుభవం లేని కొనుగోలుదారు మూడును రెండుగా చూస్తాడు. అమ్మేవాడైతే నాలుగును రెండుగా చూస్తాడు. అది అబద్ధం కానక్కర్లేదు. మనదైన వస్తువుకు మనం కట్టే వెల, అదే వస్తువు కొనడానికి మనం పెట్టే వెలకు రెట్టింపు దాకా ఉంటుందని డేనియల్ కానెమన్ బృందం కాఫీ కప్పులతో చేసిన ప్రయోగాల్లో తేలింది. కప్పుకే అలా ఉంటే, పాతికేళ్లు ఆదివారాలన్నీ దాని కింద పడుకుని గడిపిన కారుకు ఎలా ఉంటుంది?

కోర్ట్ లెక్కకు అందనిది ఒకటుంది. ఇప్పుడు 1960ల మస్టాంగ్‌కు ప్రతి బోల్టూ కొత్తగా దొరుకుతుంది. ఫోర్డ్ లైసెన్సుతో పూర్తి డొక్కే కొత్తగా తయారుచేసి అమ్మేవారున్నారు. తుప్పు లేని ఉక్కు, మెరుగైన వెల్డింగ్. అందులో కొత్త ఇంజన్ బిగిస్తే అన్ని విధాలా అసలుకంటే మంచి మస్టాంగ్ అవుతుంది. ఊళ్లో దేవుడి రథానికి ఒక ఏడు చక్రం మారుస్తారు, ఇంకో ఏడు ఇరుసు, మరోసారి పీఠం. తాతల నాటి రథమే అంటాం, ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ఒకేసారి పక్కన కొత్త రథం చేయించి పెడితే, దాన్ని తాతల నాటిది అనలేం. కార్ల విషయంలో బజారు ఈ తేడాను డాలర్లలో కొలుస్తుంది. మళ్లీ చేయగలిగిన ప్రతిదీ చౌకవుతోంది. తెగకుండా వచ్చిన ఆ వరసకు మాత్రం నకలు లేదు.

మస్టాంగ్‌ను జనం ముందు పెట్టింది 1964 ఏప్రిల్ 17న, న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో. ధర 2,368 డాలర్లు, ఇప్పటి లెక్కలో దానికి సుమారు పది రెట్లు. మొదటి రోజే 22 వేలు అమ్ముడయ్యాయని ఫోర్డ్ చెప్పుకుంది. వరస సంఖ్య 100001 ఉన్న మొట్టమొదటి కారు, తెల్లది, కప్పు మడిచేది, అమ్మకానికి కాదు. చూపించడానికి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు పంపారు. అక్కడి సెయింట్ జాన్స్ పట్టణంలో స్టాన్లీ టక్కర్ అనే విమాన పైలట్ చూసి ముచ్చటపడ్డాడు, డీలరు అమ్మేశాడు. సంగతి తెలిసి ఫోర్డ్ వెనక్కి అడిగింది. టక్కర్ ఇవ్వలేదు. రెండేళ్ల పాటు, పదివేల మైళ్లకు పైగా నడిపాడు. 1966లో మస్టాంగ్‌ల సంఖ్య పది లక్షలు దాటాక బేరం కుదిరింది. పది లక్షలా ఒకటో మస్టాంగ్‌ను, టక్కర్ కోరిన హంగులన్నీ వేసి, ఆ వాడిన కారుకు బదులుగా ఇచ్చారు. పాతది ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.